సిరికొండలో ఆరు వారాలు: పసుపు, స్టాండప్ కాల్, విత్తనపు కుప్ప

సిరికొండకు వెళ్తున్నా అంటే మా టీమ్‌లో ఒకరు "సిరిసిల్లేగా?" అన్నారు. ఇంకొకరు మ్యాప్ తెరిచి ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న వేరే సిరికొండ చూపించారు. నేను వెళ్లింది నిజామాబాద్ జిల్లా సిరికొండ. జూబ్లీ బస్‌స్టేషన్‌లో నిజామాబాద్ బస్సెక్కి, హైవే మీద ఇందల్వాయి దగ్గర దిగితే, అక్కడి నుంచి ధర్పల్లి మీదుగా లోపలికి పోవాలి. ఆర్మూర్, భీమ్‌గల్ వైపు పసుపు చేలు, రెండో వైపు గుట్టలు, అడవి, తండాలు. మధ్యలో ఈ ఊరు.

అక్కడ మావాడున్నాడు. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ ఒకే రూమ్, ఆ తర్వాత కొండాపూర్‌లో రెండేళ్లు ఒకే ఫ్లాట్. మూడేళ్ల క్రితం వాళ్ల నాన్న మోకాలికి ఆపరేషన్ అయితే 'రెండు నెలలు చూసుకుని వస్తా' అని వెళ్లినవాడు ఇక రాలేదు. ఉద్యోగం వదిలేశాడు. ఇప్పుడు రెండెకరాల పసుపు, ఎకరంన్నర వరి, భార్య, మూడేళ్ల పాప, అమ్మ, బాపు. అక్కడ నాన్నను 'బాపు' అంటారు. నేనూ అలాగే పిలిచాను.

ఈ ఏడాది నాకు ఆరు వారాలు ఎక్కడి నుంచైనా పనిచేసుకునే వీలు దొరికింది. సంక్రాంతి అయ్యాక బ్యాగు, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ డాంగిల్ పట్టుకుని దిగిపోయా. గోవానో, మనాలీనో వెళ్లొచ్చుగా అన్నారు ఫ్రెండ్స్. అక్కడైతే చుట్టూ మనలాంటి ల్యాప్‌టాప్ వాళ్లే ఉంటారు కదా!

డాబా మీద ఆఫీసు

ఇంట్లో సిగ్నల్ ఒక్కచోటే నిలకడగా ఉంటుంది. డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన. అక్కడ ఒక ప్లాస్టిక్ కుర్చీ, పైన చీర కట్టిన నీడ. అదే నా ఆఫీసు. పొద్దున పదిన్నరకు స్టాండప్ కాల్. నేను 'నిన్న ఆ బగ్ క్లోజ్ చేశా' అని చెబుతుంటే వెనక ట్రాక్టర్ రివర్స్ తీసుకుంటున్న చప్పుడు, కోడి కూత, కింద నుంచి అమ్మ కేక: "కొడుకా, చాయ్ సల్లారిపోతుంది!" మొదటి వారం మ్యూట్ చేసుకునేవాణ్ని. రెండో వారానికి టీమ్ వాళ్లే 'కోడి ఏదీ, ఇవాళ లీవా?' అని అడగడం మొదలుపెట్టారు.

రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా వాళ్లతో ఇంకో కాల్. అప్పటికి వీధంతా నిద్రలో ఉంటుంది. మెల్లగా గుసగుసలాడినట్టు మాట్లాడాలి. నాలుగు రోజులు చూసి బాపు మావాణ్ని అడిగాడట: "గా పోరనికి పిల్ల కుదిరినట్టుంది, మనకు చెప్తలేడేంది?"

ఈ ఊళ్లో కుదురుకోవడమంటే ముందు ప్రశ్నలకు జవాబు చెప్పడం. జీతమెంత? పెండ్లైందా? ఎందుకు కాలేదు? మీదే ఊరు? "తెనాలి" అంటే, "ఓ, ఆంధ్రా పిలగాడా" అని ఒక చిన్న నవ్వు, వెంటనే ఇంకో చాయ్. అందులో వెటకారం లేదు. ఆ తర్వాతి ప్రశ్న మాత్రం నాకు ఎప్పటికీ అలవాటు కాలేదు: "మీరేమిటోళ్లు?" కులం అన్నమాట. సిటీలో ఇంటి ఓనర్లు ఇంటిపేరు అడిగి, ఏం తింటారని అడిగి, చుట్టూ తిప్పి తెలుసుకునేది ఇదే. ఇక్కడ సూటిగా అడిగారు. సూటిగా అడిగినంత మాత్రాన ఆ ప్రశ్న మంచిదైపోదు. ఊళ్లో ఎవరి ఇల్లు ఏ వాడలో ఉందో చూస్తే ఆ ప్రశ్న దేనికో అర్థమవుతుంది.

భాష దగ్గర మాత్రం సరదాగా ఉండేది. మజ్జిగ కాదు, సల్ల. వెల్లుల్లి కాదు, ఎల్లిగడ్డ. మొక్కజొన్న కాదు, మక్కలు. బయటికి వెళ్తుంటే "పైలంగ పో" అంటారు, అంటే జాగ్రత్త అని. పాప నన్ను ఏమని పిలవాలన్నదాని మీద ఓ పూట చర్చ జరిగింది. నాకు 'బాబాయ్' వచ్చు. బాపు "కాక" అన్నాడు. మావాడి భార్య నన్ను అన్నా అంటుంది కాబట్టి "నా తరఫున మామ అవుతడు" అని ఆమె పట్టుబట్టింది. పాప మూడూ విని, చివరికి నన్ను 'ల్యాప్‌టాప్' అని పిలవడం మొదలుపెట్టింది. అదే ఖాయమైంది.

మధ్యాహ్నాలు

లంచ్ తర్వాత గంటసేపు కాల్స్ ఉండవు. ఆ గంట నాకు బాగా నచ్చేది. ఇంటి ముందు అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. నానబెట్టిన తునికాకును రేకు కొలతతో కత్తిరించడం, తంబాకు వేసి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం. మాట మాట్లాడుతూనే, టీవీ చూస్తూనే, చేతులు ఆగవు. కూలి వెయ్యి బీడీల లెక్కన. నిజామాబాద్ జిల్లాలో ఎన్నో ఇళ్లు ఇలాగే గడిచాయి. బీడీ కార్మికులకు ప్రభుత్వం నెలకు 2,016 రూపాయల పింఛను ఇస్తోంది. ఆ రోజు ఎవరికి పడింది, ఎవరికి పడలేదన్నది అరుగు మీద పెద్ద వార్త.

మావాడి అమ్మ పదిహేనో ఏట బీడీల చాట పట్టింది. ముప్పై ఏళ్లు చుట్టింది. ఇప్పుడు భుజం లేవదు. మా ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో వాడు ఫీజు కట్టలేక పరీక్ష హాల్‌టికెట్ ఆగిపోయిన వారం నాకు గుర్తుంది. ఎక్కడి నుంచో డబ్బు వచ్చింది, కట్టాడు. ఎక్కడి నుంచని నేను అప్పుడు అడగలేదు. ఇప్పుడు అరుగు మీద కూర్చుని ఉంటే ఆమే మామూలుగా అంది: "గదా? నా పీఎఫ్ తీసినం గప్పుడు." అని మళ్లీ చిక్కుడుకాయలు ఒలుచుకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఆరు దాటితే వీధిలో ఫోన్లు మోగుతాయి. దుబాయ్, మస్కట్, సౌదీ. ఇంటికొకరు కాకపోయినా, రెండిళ్లకొకరు గల్ఫ్‌లో ఉన్నట్టే అనిపించింది నాకు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు కదా, అందుకని డెబ్బై ఏళ్ల ముసలమ్మ ఫోన్‌లో కూడా బోటిమ్ యాప్ ఉంటుంది. కొడుకు మొహం స్క్రీన్‌లో ఇరుక్కుపోతే 'ఆఫ్ చేసి మళ్ల పెట్టు' అని ఆవిడే టెక్ సపోర్ట్ ఇస్తుంది.

పసుపు ఎలా పసుపవుతుంది

మా అమ్మ పుట్టిల్లు దుగ్గిరాల దగ్గర. అక్కడా పసుపు యార్డు ఉంది. చిన్నప్పుడు బస్సులో పోతుంటే ఆ వాసన కిటికీలోంచి వచ్చేది. కానీ నేను చూసింది బస్తాల్ని. నేలలోంచి బస్తాలోకి వచ్చేదాకా మధ్యలో ఏం జరుగుతుందో సిరికొండలోనే చూశా.

జూన్‌లో వానలు మొదలవగానే వేస్తారు. మధ్యలో అంతరపంటగా మక్కలు. ఎనిమిది, తొమ్మిది నెలల పంట. జనవరికి ఆకు ఎండిపోతుంది. ఆకు కోసేసి తవ్వుతారు. తవ్విన దుంపకు మట్టి దులిపి, తల్లి దుంపను, దానికి అంటుకున్న వేళ్లలాంటి పిల్లల్ని విడదీస్తారు. తల్లి దుంప 'గోళ', పిల్లలు 'కొమ్ములు'. మార్కెట్‌లో రెండింటికీ వేర్వేరు ధర, కొమ్ముకే ఎక్కువ. ఈ విడదీసే పనంతా ఆడవాళ్లదే. పొద్దున ఏడింటికి ఆటోలో తండాల నుంచి కైకిలికి వస్తారు. ఈ సీజన్‌లో కూలీలు దొరకడం ఎంత కష్టమంటే, రాత్రి ఎనిమిదింటికి మావాడు చేసే ఫోన్లు మా హెచ్ఆర్ వాళ్లు చేసే ఫోన్ల కంటే ఎక్కువ. రేపు పది మంది వస్తామన్నవాళ్లలో పొద్దున ఆరుగురే రావచ్చు. జనవరి చివర్లో మేడారం జాతర వచ్చింది. నాలుగు రోజులు చేలో మనిషి లేడు.

తర్వాత ఉడకబెట్టడం. ఒకప్పుడు పెద్ద కడాయిలు, కింద కట్టెల మంట. ఇప్పుడు ట్రాక్టరు వెనక తగిలించిన ఆవిరి బాయిలర్ చేను దగ్గరికే వస్తుంది. డ్రమ్ముల్లో దుంప పోసి ఆవిరి పెడతారు. పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువైతే పురుగు పడుతుంది. ఆ వాసన అచ్చం పసుపు వాసన కాదు. ఉడికిన చిలగడదుంప, తడి మట్టి, కొంచెం కర్పూరం కలిపినట్టు ఉంటుంది. నా ల్యాప్‌టాప్ కీబోర్డు ఇప్పటికీ ఆ వాసనే.

ఆ తర్వాత కల్లంలో పది, పదిహేను రోజులు ఎండబెట్టాలి. విరిస్తే టక్కున విరగాలి. పచ్చి దుంప ఐదు క్వింటాళ్లు ఎండితే ఒక్క క్వింటా మిగులుతుంది. ఎండినవాటిని తిరిగే డ్రమ్ములో వేసి పాలిష్ చేస్తే పైపొట్టు, వేళ్లు రాలి, మనం కిరాణా కొట్లో చూసే కొమ్ము బయటికొస్తుంది. ఈ పదిహేను రోజులూ ఆకాశం వైపే చూపు. ఒక రాత్రి రెండు గంటలకు ఉరిమితే ఇంటిల్లిపాదీ టార్పాలిన్లు పట్టుకుని పరిగెత్తాం. వాన పడలేదు. తిరిగొచ్చాక ఎవరికీ నిద్ర పట్టలేదు. చెల్లె చాయ్ పెట్టింది, పొద్దున నాలుగున్నర దాకా మాట్లాడుకున్నాం.

ఈసారి దిగుబడి తగ్గింది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాలను ముంచెత్తిన వానలు గుర్తున్నాయి కదా? న్యూస్‌లో కొట్టుకుపోయిన రోడ్లు చూపించారు. చేలో నిలిచిన నీళ్లు ఎవరూ చూపించలేదు. పసుపు మొదట్లో నీళ్లు నిలిస్తే దుంపకుళ్లు వస్తుంది. మావాడి రెండెకరాల్లో పల్లానికి ఉన్న ముప్పావు ఎకరం దాదాపు పోయింది.

పసుపు బోర్డు సంగతి అడగకుండా ఉండలేకపోయా. నిజామాబాద్ పసుపు రైతులు 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఏం చేశారో విన్నారా? మద్దతు ధర, పసుపు బోర్డు కావాలంటూ 170 మందికి పైగా రైతులు నామినేషన్ వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో పోలింగ్ బూత్‌లో పన్నెండు ఈవీఎంలు వరసగా పెట్టాల్సి వచ్చింది. మావాడు అప్పుడు ఫైనలియర్. హాస్టల్లో 'మా చుట్టం కూడా ఎంపీ క్యాండిడేటే' అని గొప్పలు పోయేవాడు, మేం నవ్వేవాళ్లం. ఆ బోర్డు 2025 జనవరిలో మొదలైంది, జూన్‌లో నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. మంచిదే. 'మరి ఇప్పుడెలా ఉంది?' అంటే బాపు జవాబు ఒకటే: "బోర్డు వచ్చింది బిడ్డా. ధర రావాలె."

షీట్‌లో లేని లైన్లు

నాలుగో వారంలో అసలు విషయం బయటపడింది. వచ్చే జూన్‌లో వేయడానికి విత్తనపు పసుపు పక్కన పెట్టుకోవాలి. ఎకరానికి ఎనిమిది నుంచి పది క్వింటాళ్ల పచ్చి దుంప. మంచివి ఏరి, నీడలో కుప్పపోసి, ఎండిన పసుపాకు కప్పి ఉంచుతారు. బాపు రెండెకరాలకు సరిపడా ఏరించి వేపచెట్టు కింద పోయించాడు. మావాడు వద్దన్నాడు. 'అదీ ఉడకబెట్టి అమ్మేద్దాం, వచ్చే ఏడాది నుంచి పసుపు వద్దు, మక్కలు వేద్దాం, లేకపోతే ఆయిల్‌పామ్ చూద్దాం' అన్నాడు.

"ఇత్తునం గూడ ఉడకబెడ్తవార?" అన్నాడు బాపు. గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ రాత్రి అన్నాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. నేను సల్ల పోసుకుని, పళ్లెంలోకే చూస్తూ తిన్నాను. ఇంటికొచ్చిన చుట్టానికి ఇలాంటప్పుడు ఎటు చూడాలో ఎవరూ నేర్పరు.

మర్నాడు మావాడు నన్నే ఇరికించాడు. "నువ్వు లెక్క తియ్యిరా. నీ మాటైతే వింటడు." సరే అని ఎక్సెల్ తెరిచా. విత్తనం, దున్నకం, పశువుల ఎరువు, మందులు, కలుపు, తవ్వకం, బాయిలర్, పాలిష్, బస్తాలు, బండి కిరాయి, హమాలీ, కమీషన్. కరెంటు సున్నా, తెలంగాణలో 2018 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇరవై నాలుగు గంటలూ ఇస్తున్నారు కదా. కింద మిగులు వచ్చింది. ఫర్వాలేదు అనిపించేంత.

బాపు కళ్లద్దాలు పెట్టుకుని స్క్రీన్ దగ్గరగా వంగి చూశాడు. "మా కూలి ఏడ రాసినవ్?"

రాశాను. ఇద్దరు మగవాళ్లు, తొమ్మిది నెలలు, పనికి పోయిన రోజులు మాత్రమే, ఊళ్లో నడిచే కూలి రేటు. మిగులు దాదాపు మాయమైంది. మావాడు నా వైపు చూసి 'చూశావా' అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

బాపు తడుముకోలేదు. "గిదే లెక్క మక్కలకు గూడ గట్టు." కట్టాం. మక్కల్లో నష్టం భయం తక్కువ, నాలుగు నెలల్లో చేతికొస్తుంది, ఏడాదికి రెండు పంటలు. కానీ వచ్చిన డబ్బు వచ్చినట్టే ఇంటి ఖర్చుల్లో కలిసిపోతుంది. బాపు వేళ్లు మడిచి చెప్పాడు: బోరు వేసింది పసుపు డబ్బుతో, డాబా వేసింది పసుపు డబ్బుతో, కూతురి పెండ్లి పసుపు డబ్బుతో. పెద్ద మొత్తం ఒక్కసారి చేతికొచ్చేది ఈ పంటలోనే. నిజమే, 2019లో క్వింటాకు ఐదారు వేలు దాటక రోడ్డెక్కిన రైతులే, 2024లో పదిహేను వేలు దాటిన ధర కూడా చూశారు. ఇది జీతంలా వచ్చే డబ్బు కాదు. మా కంపెనీ షేర్లలాగా. ఏ ఏడాది ఏమవుతుందో చెప్పలేం, కానీ ఆ ఒక్క ఏడాది చేతిలో లేకపోతే మాత్రం బాధే.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్న చెల్లె లోపలికొచ్చింది. దగ్గర్లోని ప్రైవేటు బడిలో టీచర్ ఆమె. "అన్నా, నా లైన్ గూడ ఒకటి పెట్టు. పసుపు పనున్నన్ని దినాలు బడికి పోతలేను. రెండు నెలల జీతం గట్ అయితది. గది ఎవరి ఖాతాల రాస్తరు?"

ఎవరూ మాట్లాడలేదు. నేను ఆ లైన్ టైప్ చేశా. ఆమె స్పెల్లింగ్ చూసి మరీ వెళ్లింది. పాపను వచ్చే ఏడాది నిజామాబాద్‌లో చేర్పిస్తే బాగుంటుందని ఆమె కోరిక అని నాకు అప్పటికే తెలుసు. పసుపు పోతే మనుషులు కొంచెం కదలగలరు. పసుపు ఉంటే జనవరి నుంచి మార్చి దాకా ఎవరూ ఎక్కడికీ కదలలేరు. ఇది షీట్‌లో ఏ కాలమ్‌లోనూ పట్టదు.

రెండు రోజులు బాపు కొడుకుతో మాట్లాడలేదు. నాతో మాత్రం మామూలుగానే ఉన్నాడు, ఇంకా ఎక్కువ ప్రేమగా, అదే ఇబ్బంది. మూడో రోజు పొద్దున నేను డాబా మీద కాల్‌లో ఉంటే కింద వేపచెట్టు దగ్గర చప్పుడైంది. బాపు ఒక్కడే కుంటుకుంటూ కుప్పను రెండు చేస్తున్నాడు. ఒక సగాన్ని మళ్లీ ఏరి, బాగున్నవి ఇటు, మిగతావి అటు. మావాడు చూసి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. ఎకరానికి సరిపడా కుప్ప మీద ఆకు కప్పారు. రెండో సగం ఆ సాయంత్రమే బాయిలర్‌లోకి పోయింది. 'హలో, ఆర్ యూ దేర్?' అని నా హెడ్‌ఫోన్‌లో ఎవరో అంటున్నారు.

గంజ్‌లో

ఫిబ్రవరి చివర్లో మొదటి లోడు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వెళ్లింది. ఇక్కడ 'గంజ్' అంటారు. నేను లీవ్ పెట్టి బొలెరోలో బస్తాల పక్కన ఎక్కా. రాత్రికే చేరాలి. షెడ్ల కింద వరసలు వరసలుగా పసుపు కుప్పలు, వాటి మీదే దుప్పట్లు కప్పుకుని పడుకున్న రైతులు. గాలిలో పసుపు దుమ్ము. లైటు చుట్టూ కూడా పచ్చటి మబ్బులా కనిపిస్తుంది. తుమ్ములు మామూలే.

పొద్దున లాట్ నంబర్లు వేశారు. ఖరీదుదారులు వచ్చి గుప్పెడు తీసుకుని, ఒక కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వెళ్లిపోతారు. ఒక్క మాట మాట్లాడరు. తర్వాత వేలం ఆన్‌లైన్‌లో జరుగుతుంది. ఈ-నామ్ 2016లో మొదలైనప్పుడే చేరిన యార్డుల్లో ఇదొకటి. తొమ్మిది నెలల పని, చివరికి ఎవరి ఫోన్‌లోనో టైప్ చేసే నాలుగైదు అంకెలు. పక్క కుప్ప రైతు మాత్రం 'ఇక్కడ బాగా పడకపోతే సాంగ్లీ తీసుకపోత' అన్నాడు. మహారాష్ట్రలోని సాంగ్లీ యార్డు. అంత దూరం కిరాయి పెట్టుకుని వెళ్లేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు.

మధ్యాహ్నం ధర తెలిసింది. ఎంతో ఇక్కడ రాయొద్దని మావాడు ముందే మాట తీసుకున్నాడు. ఊళ్లో అప్పులిచ్చినవాళ్లు కూడా ఫోన్లలో ఇవన్నీ చదువుతారట.

బాపు ఫోన్ చేశాడు. కొమ్ముకెంత, గోళకెంత అని రెండే మాటలు అడిగాడు. మావాడు చెప్పాడు. అటు నుంచి కాసేపు ఏమీ వినిపించలేదు. లైన్ కట్ అయిందేమోనని మావాడు స్క్రీన్ చూసుకున్నాడు.

"వచ్చేటప్పుడు ఆర్మూర్ దిక్కు నుంచి రాండ్రి," అన్నాడు బాపు. "అంకాపూర్ల ఆగి ఆ పోరనికి దేశీ కోడి తినిపియ్యి. ముందే ఫోన్ జేసి చెప్పు, లేకుంటే గంటసేపు కూసోవెడ్తరు."